పగడపు రాతిలో దర్శనం

నాగలాపురం

ముప్పై ఏళ్ళుగా నేను ఒక చేప కథ చెబుతున్నాను. తిరుపతిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లోనూ, రిటైరయ్యాకా, ఏటా ఫాల్గుణంలో నాగలాపురం వెళ్ళి వేదనారాయణ స్వామి సన్నిధిలో మత్స్యావతార పురాణం చెప్పడం నాకు స్వామి ఇచ్చిన సేవ. సాయంత్రపు ఎండ గోపురం దాటి లోపలికి వచ్చి మొదటి రోజు స్వామి పాదాలను, రెండో రోజు నాభిని, మూడో రోజు కిరీటాన్ని తాకే ఆ మూడు రోజులూ గుడి కిటకిటలాడుతుంది. కథలో రాజుగారు నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వస్తుంది. పెద్ద చేపల నుంచి కాపాడమంటుంది. అక్కడికి వచ్చేసరికి నేను రెండు చేతులూ దోసిలి పట్టి చూపిస్తాను. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు.

ఈ ఏడు అలా దోసిలి పట్టి ఉండగానే ముందు వరసలోంచి ఒక ముసలమ్మ అడిగింది.

"సామీ, చేప కండ్లు మూస్తాదా, మూయదా?"

"మూయదమ్మా. రెప్పపాటు లేకుండా చూపుతోనే పిల్లల్ని పెంచుతుంది. తాబేలు తలపుతో పెంచుతుంది. పక్షి రెక్కల కింద పొదువుకుని పెంచుతుంది. పెద్దలు చెప్పిన మాట."

"పెద్దలు సరే. మీరు సూసినారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తిరుపతికి తిరిగి వచ్చే బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు. మాది వైష్ణవ కుటుంబం. చేపల అంగడి ముందు నుంచి పోవాల్సి వస్తే ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని ముఖం పక్కకు తిప్పుకోవడం మా నాయన నేర్పాడు. అరవై నాలుగేళ్ళు అలాగే తిప్పుకున్నాను. దోసిట్లో చేపను ఊళ్ళన్నిటికీ చూపించిన నేను బతికున్న చేపను ఒక్కసారైనా తేరిపార చూడలేదు.

చూపించగల మనిషి నా ఇంట్లోనే పుట్టింది. అయితే ఆమె దగ్గరికి పోయే ముఖం నాకు లేదు.

తిరుపతి

మా అమ్మాయి పేరు గోద. తులసివనంలో దొరికిన అమ్మవారి పేరు. మా వంశంలో తులసి మగవాళ్ళే కోయాలి. పేరే అది కాబట్టి ఆ పట్టింపు నేనే సడలించి, ఏడేళ్ళ వయసు నుంచి ఆరాధనకు తులసి కోసే పని ఆమెకే ఇచ్చాను. కోసే ముందు మొక్కతో "అమ్మా, ఐదే, ఐదే" అని చెప్పి కోసేది. ఎవరూ నేర్పలేదు.

పెద్దయ్యాక సముద్ర జీవుల చదువు చదివింది. మూడేళ్ళ కిందట మండపంలోని ఒక పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఆ వార్త చెప్పిన ఉదయం నేను ఆరాధనలో ఉన్నాను. సంతోషంలో ఏదేదో మాట్లాడుతూ, "మన సాలగ్రామంలో చక్రం ఉంది చూడండి నాయనా, అది కూడా ఎప్పుడో సముద్రంలో బతికిన ప్రాణి గుర్తే" అంది. నాకు ఒళ్ళు మండింది. "చేపలు కోసే చేతులతో ఇక తులసి ముట్టొద్దు" అన్నాను.

ఆమె చేతిలోని ఆకులు పళ్ళెంలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంటికి వచ్చినప్పుడల్లా నవ్వింది, వంటింట్లో వాళ్ళమ్మకు సాయం చేసింది, నాకు మందులు తెచ్చి ఇచ్చింది. పెరట్లో తులసి వైపు మాత్రం పోలేదు. నేనూ పిలవలేదు.

ఒక రాతిలో వేలంత చేప దొరికిందని గోద ఫోన్లో వాళ్ళమ్మకు చెప్పింది. దాన్ని చూడటానికి నేను మండపం పోతానంటే మా ఆవిడ అలమేలు ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. మోకాళ్ళ నొప్పితో తను రాలేనంది. పులిహోర, దద్ధ్యోదనం రెండు డబ్బాల్లో సర్దింది. సాలగ్రామం ఉన్న వెండి భరిణె ఉత్తరీయంలో చుట్టి ఇచ్చింది. నాలుగు రోజులకు సరిపడా తులసి తడిగుడ్డలో పెట్టి, దానిమీద అరటాకు కట్టింది.

"చేప సంగతి ఎట్లున్నా సరే, ఆ రోజు అన్న మాట ఆడనే పారేసి రండి" అంది.

చిత్తూరు స్టేషన్

నాకు తోడు మునిరత్నం. నగరిలో మరమగ్గాలు నడిపే నేతగాడు. ఒకప్పుడు నా శిష్యుడు, ఇప్పుడు నా స్నేహితుడు. రామేశ్వరంలో ఇరవై రెండు తీర్థాలూ ఆడాలని అతని కోరిక. నాకు వీధి తమిళం రాదు, అతనికి వచ్చు. అదొక ఒప్పందం.

"సామీ, ఇంత దూరం పోయి సూసే చేప, పులుసుకన్నా పనికొస్తాదా?" అని రైలు కదలగానే మొదలుపెట్టాడు.

చిత్తూరులో ఒక మామిడి రైతు ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. కాట్పాడి దాకా వస్తాడట. సంచిలోంచి పచ్చి కాయ తీసి, కోసి, ఉప్పూ కారం చల్లి మునిరత్నానికి ఇచ్చాడు. ఇతరులు కోసింది నేను తిననని గ్రహించి నాకు కోయని కాయ ఒకటి చేతిలో పెట్టాడు.

"పూత ఎలా ఉందప్పా?" అన్నాను.

"బాగనే ఉండాది సామీ. తేనెమంచు పురుగు పడకుంటే సాలు. మీరు యాడికి?"

"సామి చేపను సూడ్డానికి పోతాండాడు" అన్నాడు మునిరత్నం.

"ఎంత చేప?"

"ఏలంత."

రైతు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "చిన్నదాన్నే సూడాల సామీ. ఆ పురుగు గోరంత గూడా ఉండదు. కంటికి ఆనదు. తోటంతా దాని చేతిలోనే ఉండాది" అన్నాడు. కాట్పాడిలో దిగుతూ మరొక కాయ ఇచ్చి పోయాడు. మా వైపు మనిషి మాట మరి కొన్ని మైళ్ళ దాకా నాకు తోడు వచ్చింది.

తెల్లవారాక మొదటి ఎదురుదెబ్బ. నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి మునిరత్నం మా సీట్ల కింద శుభ్రం చేసి, తిన్న ఆకులన్నీ చెత్తబుట్టలో వేసి వచ్చాడు. అలమేలు కట్టిచ్చిన అరటాకు పొట్లం కూడా అందులోనే పోయింది. ఎంగిలాకు అనుకున్నాడు.

"తులసా! అయ్యో, పెరుగన్నం మిగిలిందేమోననుకుంటి" అని తల పట్టుకున్నాడు. బుట్టలో చూశాం. దాని మీద ఎవరో సాంబారు పారబోశారు.

తిరుప్పుల్లాణి

రామనాథపురంలో దిగాం. నాకు తమిళ పాశురాలు వేలకొద్దీ నోటికి వచ్చు. తెల్లవారుజామున గుడిలో వాటిని కలిసి పాడే గోష్ఠిలో నిలబడి ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆ ధైర్యంతో బస్టాండు దగ్గర టీ అంగడిలో వేడినీళ్ళు నేనే అడిగాను. అంగడివాడు గరిటె ఆపి నన్ను చూశాడు. లోపలున్న పెళ్ళాన్ని పిలిచాడు. పక్క అంగడివాణ్ణి పిలిచాడు. మళ్ళీ ఒకసారి అడగమన్నాడు.

"ఏమంటాడు?" అన్నాను మునిరత్నంతో.

"గుళ్ళో సామి మాట్లాడినట్టు ఉండాదంట. ఇట్లాంటి తమిళం వాళ్ళ తాతలు గూడా ఇన్లేదంట."

టీ పన్నెండు రూపాయలు. మునిరత్నం తాగినదానికి కూడా డబ్బు తీసుకోలేదు.

తిరుప్పుల్లాణిలో రాముడు పడుకుని ఉంటాడు. మా తిరుపతి గోవిందరాజస్వామీ పడుకునే ఉంటాడు గానీ ఆయనది శేషశయ్య. ఇక్కడ స్వామికి దర్భగడ్డి పరుపు. లంకకు దారి ఇమ్మని సముద్రుణ్ణి వేడుకుంటూ మూడు రోజులు ఇలా పడుకున్నాడు. ప్రసాదం పాయసం. మా లడ్డూ చేతిలో పట్టుకుని ఊళ్ళు దాటించవచ్చు. పాయసం అలా కాదు, అక్కడే నిలబడి తాగాలి.

మూడు రోజులు గడిచినా సముద్రుడు రాకపోతే రాముడు బాణం ఎక్కుపెట్టాడు. సముద్రం ఉడికింది, లోపలి ప్రాణులు అల్లాడాయి. ఈ ఘట్టం కూడా ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా స్వామి కోపం గురించి చెప్పాను. ఆ నీళ్ళలో రాతి సందుల్లో దాక్కుని ఉన్న చిన్న ప్రాణుల గురించి ఒక్కసారీ తలచుకోలేదు. ఆ గడ్డిపరుపు ముందు నిలబడి మొదటిసారి తలచుకున్నాను. వాటికి ఏ తప్పూ లేదు.

మండపం, మొదటి రోజు

గోద ఉండేది ఒడ్డుకు దగ్గర్లో రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఎండకు బాగా నల్లబడింది.

"వచ్చినారా నాయనా? అమ్మ ఫోన్ మీద ఫోన్. రైల్లో నిద్రపోయినారా?"

"పోయినాలే."

ఇంటి ముందు సున్నం కొట్టిన కుండీలో తులసి. మోకాలెత్తు, గుబురుగా ఉంది. ఉప్పుగాలికి నిలబడిందంటే దాన్ని ఎంత కనిపెట్టుకుని ఉందో తెలుస్తూనే ఉంది. స్నానం చేసి వచ్చి, తులసి పొట్లం పోయిన సంగతి చెప్పాను.

ఆమె చేతిలోని చెంబు వైపు చూస్తూ, "కుండీలో ఉంది. మీరే కోసుకోండి నాయనా" అంది.

కోసుకున్నాను. ఆరాధన చేశాను. నా డబ్బాలోని దద్ధ్యోదనమే తిన్నాను. నాకోసం వండిపెట్టిన అన్నం గిన్నె మూత ఆమె తీయలేదు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నం పరిశోధన కేంద్రానికి తీసుకుపోయింది. సముద్రం పక్కనే రేకుల షెడ్డు, లోపల ఉప్పునీటి తొట్లు. పగడపు దిబ్బల మీద చచ్చి విరిగిపడిన రాతిముక్కల్ని అనుమతితో తెచ్చి, వారం రోజులు ఈ తొట్లలో ఉంచి, లోపల ఎవరెవరు కాపురం ఉన్నారో చూసి, ఏ రాయి ఎక్కడిదో అక్కడే మళ్ళీ దించి వస్తారట. ఆమె చేపల్ని కోయడం లేదు. మూడేళ్ళలో ఆమె పని ఏమిటని నేను అడగనేలేదు.

ఒక తొట్టి మీద నల్లగుడ్డ కప్పి ఉంది. "దీంట్లో ఉన్నాడు. మలుగు చేపల చుట్టం. పాములా ఉంటాడు. పగడపు సందుల్లోనే పుట్టి పెరిగినట్టు దాక్కుంటాడు. ఈ దిబ్బల్లో ఎన్నో ఉండవచ్చు. చూసినవాళ్ళు తక్కువ. తెలుగులో పేరు కూడా లేదు నాయనా."

గుడ్డ ఒక మూల ఎత్తి చూశాం. చిల్లులు చిల్లుల రాయి. అంతే. గంటసేపు వంగి నిలబడ్డాను. మునిరత్నం గోడకు చేరబడి, "సామీ, కొండమీద క్యూలో అయితే మధ్యలో ఉప్మా అన్నా పెడతారు" అన్నాడు.

రెండో రోజు

పొద్దున్నే గుమ్మంలో ఏదో అలికిడైతే చూశాను. ఒక నడివయసు మనిషి తులసి కోస్తోంది. మెడలో నల్లదారానికి శిలువ. చేతివేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. వాకిట్లో తడి సంచి నిండా సముద్రపు నాచు. నాలుగాకులు కోసి గడపమీది పళ్ళెంలో పెట్టి, నన్ను చూసి నవ్వింది.

మునిరత్నం వెళ్ళి మాట్లాడి వచ్చాడు. పేరు సెల్వి. పక్కిల్లు. రోజూ సముద్రంలో మునిగి దిబ్బల మీది నాచు కోసుకొచ్చి అమ్ముకుంటుంది. రాళ్ళు గీరుకోకుండా ఉండాలని వేళ్ళకు ఆ పీలికలు.

"మూడేండ్లుగా మన పాపకు దినామూ తులసి కోసి ఇచ్చేది ఈమేనంట సామీ. పాప నీళ్ళు పోస్తాది, మన్ను తవ్వుతాది, దండం పెడతాది. కోయదంట. 'ఆమె చేతికి ఏమైనా మొక్కుబడి ఉండాదా, మీకు తెలుసా' అని నన్నడగతాది. నేనేం చెప్పేది?"

ఏమీ చెప్పొద్దన్నాను. సెల్వి గడప దిగి, పీలికల చేతులతో తన సంచి భుజానికెత్తుకుంది. ఆ చేతుల నుంచి సముద్రపు నీళ్ళు మా అమ్మాయి కుండీ పక్కన బొట్లుగా పడ్డాయి.

నేను అన్నది కోపంలో వచ్చిన ఒక్క మాట. నా ఇంట్లో, నా పెరట్లో, నా ముందు వరకే అని అనుకున్నాను. నా కూతురు దాన్ని ఆరు వందల కిలోమీటర్ల దూరంలో, నేను చూడని ఇంట్లో, ప్రతి ఉదయం ఆచరిస్తోంది. నేను చెప్పిన శాస్త్రాలన్నిటిలో ఇంత నిష్ఠగా ఎవరైనా పాటించింది ఈ ఒక్కటేనేమో. అది శాస్త్రం కాదు. నా అహంకారం.

ఆ మధ్యాహ్నం తొట్టి దగ్గర ఆమె పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక రంధ్రంలోంచి బియ్యపు గింజంత ముక్కు కనిపించి మాయమైంది.

"ఇది చూపుతో పిల్లల్ని పెంచుతుందా?" అని అడిగాను.

గోద నవ్వింది. "లేదు నాయనా. గుడ్లు నీళ్ళలో వదిలేస్తుంది. మళ్ళీ చూడదు. సముద్రమే పెంచుతుంది." ఫోన్లో ఒక బొమ్మ తీసి చూపించింది. "పిల్ల ఇట్లా ఉంటుంది."

అది చేపలా లేదు. ఆకులా ఉంది. సన్నని వేపాకు, అద్దంలా పారదర్శకం. ప్రళయజలాల్లో ఆకు మీద పడుకున్న పసివాడి కథ నాకు తెలుసు. ఇక్కడ పసివాడే ఆకు.

"నెలల తరబడి ఇట్లా కొట్టుకుపోతుంది. దిబ్బ దగ్గరికి చేరినాక చేపగా మారుతుంది. అప్పుడు పొడవు తగ్గుతుంది."

"పెద్దదయ్యేటప్పుడు తగ్గడమేమిటి?"

"తగ్గకపోతే రాతిలో దూరలేదు గదా నాయనా. ఇల్లు దొరకదు."

నా కథలో చేప పెరుగుతుంది. కమండలం చాలదు, బావి చాలదు, చెరువు చాలదు, చివరికి సముద్రమంత అవుతుంది. భగవంతుడు కాబట్టి పెరగవచ్చు. పంతుళ్ళం మేమూ ఆయన వెనకే పెరుగుతూ పోయాం. తగ్గాల్సిన చోటు ఒకటి ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. లేదా చెప్పారు, మేము ఊరివాళ్ళకు మాత్రమే చెప్పాం.

ముసలమ్మకు నేనిచ్చిన జవాబు గుర్తొచ్చింది. చేప చూపుతో, తాబేలు తలపుతో, పక్షి రెక్కలతో. మూడేళ్ళుగా నేను తాబేలునయ్యాను. తలచుకుంటున్నాను కదా, అదే పెంపకమని సర్దుకున్నాను.

మూడో రోజు

మునిరత్నం తెల్లవారే రామేశ్వరం పోయి తీర్థాలాడి, తడి జుట్టుతోనే షెడ్డుకు వచ్చాడు. ఇరవై రెండు బావుల నీళ్ళూ ఇరవై రెండు రుచులని చెబుతున్నాడు. ఆ వారం గడువు ఈరోజుతో సరి. మధ్యాహ్నం పడవలో రాళ్ళు తిరిగి దిబ్బకు పోతాయి.

"మాట్లాడకుండా రా మునిరత్నం అన్నా" అని గోద మెల్లగా నల్లగుడ్డ పక్కకు లాగింది. సన్నిధిలో తెర తీసినట్టే అనిపించింది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

రాతి రంధ్రంలోంచి ముందు తల వచ్చింది. తర్వాత ఒళ్ళు. వస్తూనే ఉంది. లేత గోధుమ రంగు, పొలుసులు లేని నున్నని ఒళ్ళు, నా చూపుడు వేలికంటే కొంచెం పొడవు. మెడ దగ్గర రెండు పక్కలా గోరంచు అంత రెక్కలు.

"మగ్గం నాడెలో కండె నుంచి నూలుపోగు జారినట్టు వస్తాండాది గదా" అని నేతగాడు గుసగుసగా అన్నాడు. చెంపలు వేసుకున్నాడు. "పాముపిల్లే సామీ. పాలు పొయ్యాలేమో."

"పోస్తే చస్తాడు అన్నా" అంది గోద.

అది నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఊపిరి తీసుకోవడమేనట. గోష్ఠిలో వెనక వరసలో నిలబడి పెదవులు మాత్రం కదిపే వృద్ధులు గుర్తొచ్చారు. నేను ఇంకా వంగాను. అది నన్ను చూసింది. రెప్పలు లేని కళ్ళు, ఆవగింజలంతే. ముఖం తిప్పుకోలేదు. నేనూ తిప్పుకోలేదు.

తర్వాత వెనక్కి, ఎలా వచ్చిందో అలాగే, రాతిలోకి పోయింది.

నేను స్టూలు మీదే ఉండిపోయాను. గోద మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, ఆ రాతిని పసిబిడ్డకు తలకింద చెయ్యి వేసినట్టు ఎత్తి, నీళ్ళు నింపిన పెట్టెలోకి మార్చింది. పడవ వాళ్ళు పెట్టెను తీసుకుపోయారు. మేం ఇంటికి నడిచాం.

ఆ రోజు అంతకుముందు ఆరాధన చేయలేదు. పొద్దున సెల్వి పళ్ళెంలో పెట్టిన ఆకులు గోదను తన పూజకు వాడుకోమని, నేను ఆగుతానని చెప్పాను. 

గుమ్మం దగ్గరికి రాగానే, "గోదా, ఆరాధనకు తులసి కోసుకుని రామ్మా" అన్నాను.

ఆమె చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. మునిరత్నం ఉన్నట్టుండి వీధిలో ఏదో పని గుర్తొచ్చినవాడిలా వెళ్ళిపోయాడు.

"మీరే కోసుకోండి నాయనా. అలవాటు తప్పింది."

"తప్పించింది నేను. ఆ మాట అనకూడనిది. మూడేళ్ళు నిలబెట్టుకున్నావు. ఇక చాలు."

ఆమె తన చేతులు చూసుకుంది. ఉప్పునీళ్ళు ఆరి తెల్లటి చారలు కట్టి ఉన్నాయి. గోళ్ళ కింద పగడపు ఇసుక.

"స్నానం చేసి వస్తాను."

"కాళ్ళూ చేతులూ కడుక్కో. ఎప్పుడూ కడుక్కున్నట్టే."

ఇంటి పక్క నీళ్ళతొట్టి దగ్గర చప్పుడు చాలాసేపు వినిపించింది. కడిగిందే కడుగుతోంది. నేను లోపలికి పోయి భరిణె తెరిచి సాలగ్రామాన్ని బయటపెట్టాను. చక్రాన్ని వేలితో తడిమాను. ఒకనాటి సముద్రపు ప్రాణి గుర్తు. అయితేనేం. స్వామి తాను ఉండటానికి ఎక్కడ చోటు దొరికితే అక్కడే ఒదుగుతాడు.

నీళ్ళ చప్పుడు ఆగింది.  నేను గుమ్మం వైపు చూడలేదు. చూస్తే కోయకుండా ఆగిపోతుందేమోనని భయం.

అప్పుడు వినిపించింది, ముప్పై ఏళ్ళు దాటిన మనిషి గొంతులో, ఏడేళ్ళనాటి మాట.

"అమ్మా, ఐదే. ఐదే."

ఆకులు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఎంత కడుక్కున్నా ఆమె చేతుల నుంచి వాటికి కొంచెం సముద్రపు వాసన అంటింది. నేను దోసిలి పట్టి అందుకుని, స్వామి పాదాల దగ్గర ఒక్కొక్కటిగా సమర్పించాను. తర్వాత ఆమె నాకోసం వండిన అన్నం గిన్నె మూత నేనే తీశాను.